ఒకే ఒరలో రెండు కత్తులు: బోరు నీళ్ళు, సబ్బు, షాంపూ, పేస్టు, ఉప్పు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సంగతి ఇదీ: హైదరాబాద్ శివార్లలో కొత్త ఇంటికి మారారు, కృష్ణా నీళ్ళ కనెక్షన్ ఇంకా రాలేదు, స్నానానికీ బట్టలకీ వంటకీ బోరే దిక్కు. ల్యాబులో పరీక్ష చేయిస్తే హార్డ్‌నెస్ లీటరుకి 600 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.2 అని రాసిచ్చారు. సబ్బు నురగ రావడం లేదు, జుట్టు బిరుసెక్కింది, తెల్ల బట్టలు మడ్డి రంగుకి తిరిగాయి. అమ్మగారేమో ఈ కెమికల్స్ అన్నీ అవతల పారేసి కుంకుడుకాయలు, వేపపుల్ల, రాళ్ళ ఉప్పుతో గడుపుకుందాం అంటున్నారు. దానికితోడు ప్యాకెట్ ఉప్పులో సైనైడ్ ఉందని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది. ఎంజైములున్న డిటర్జెంట్ పొడి సంగతేమిటి, ఫ్లోరైడ్ పేస్టు మానేయాలా, అసలు ఏది నమ్మాలి, ఏది కొనాలి అని అడిగారు.

నేను 26 ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట జీడిమెట్లలో ఒక చిన్న డిటర్జెంట్ యూనిట్, తర్వాత షాంపూలు, పేస్టులు చేసేచోట ఫార్ములేషన్. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒక్కటే. మా పనిలో కొత్త పదార్థం కనిపెట్టే రోజులు అరుదు. ఒకదానికొకటి పడని పదార్థాల్ని ఒకే డబ్బాలో, ఒకే బకెట్‌లో కొట్లాడుకోకుండా కూర్చోబెట్టడంతోనే రోజులు గడిచిపోతాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, వాటిని ఇమిడ్చినందుకే మాకు జీతం. మీరు అడిగిన వాటన్నిటి వెనకా ఇలాంటి తగాదా ఒకటి ఉంది.

మీ ఇంట్లో ముదిరిన తగాదా సబ్బుకీ కాల్షియానికీ. సబ్బు అణువుకి ఒక తల, ఒక పొడవాటి తోక ఉంటాయి. తోకకి నూనె ఇష్టం, తలకి నీళ్ళు ఇష్టం. తోక జిడ్డుని పట్టుకుంటే తల దాన్ని నీళ్ళలోకి లాక్కుపోతుంది. తల పక్కన సోడియం ఉన్నంతసేపు అంతా సవ్యంగా కరుగుతుంది. మీ బోరు నీళ్ళు రాతి పొరల్లోంచి వస్తూ కాల్షియం, మెగ్నీషియం మోసుకొస్తాయి. కాల్షియం వచ్చి సోడియాన్ని లేపి ఆ కుర్చీలో తను కూర్చుంటుంది, అదీ ఒక్కోటి రెండేసి సబ్బు అణువుల్ని పట్టుకుని. ఆ ముద్ద ఇక నీళ్ళలో కరగదు. విరిగిన పాలలా తేలేది, బకెట్ అంచున జిగటగా పట్టేది, టవల్‌ని అట్టలా బిగదీసేది అదే.

లెక్క చూడండి. మీ నీళ్ళు 20 లీటర్ల బకెట్ నిండా పడితే అందులో 12 గ్రాముల సున్నపురాయి కరిగి ఉన్నట్టు. దాన్నంతా మట్టుపెట్టడానికి సుమారు 73 గ్రాముల సబ్బు ఖర్చయిపోతుంది. అంటే 75 గ్రాముల బిళ్ళ ఒకటి మొత్తం అరగదీస్తే, అప్పుడుగానీ మొదటి నురగ కనపడదన్నమాట. తాగే నీళ్ళకి మన బీఐఎస్ ప్రమాణం 200 దాకా మంచిదంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. మీరు ఆ చివరి గీత మీద ఉన్నారు.

నమ్మకం కుదరకపోతే రెండు ఖాళీ సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో ఆర్‌ఓ నీళ్ళు, ఇంకోదాంట్లో బోరు నీళ్ళు, సగం సగం. రెండింట్లోనూ శనగగింజంత ఒంటి సబ్బు గీరి వేసి, మూత పెట్టి 20 సార్లు గిలక్కొట్టండి. ఒకటి నురగతో నిండుతుంది. రెండోది తెల్లగా విరిగి, పైన పెచ్చులు కడుతుంది. ఇదే పరీక్ష డిటర్జెంట్ పొడితో, కుంకుడు రసంతో కూడా చేసి చూడండి, తర్వాత చెప్పబోయేది సగం మీకే తెలిసిపోతుంది. ఇంకోమాట, టీడీఎస్ మీటరు చూసి హార్డ్‌నెస్ చెప్పేవాళ్ళని నమ్మకండి. టీడీఎస్ అంటే కరిగి ఉన్న లవణాలన్నీ. అందులో కాల్షియం ఎంతో, మామూలు ఉప్పు ఎంతో ఆ మీటరుకి తెలియదు.

(మీరు అడగలేదుగానీ, ఆ ఇంట్లో కందిపప్పు సరిగ్గా ఉడకడం లేదు కదూ? అదీ ఈ కాల్షియం పనే. పప్పు గింజలోని పెక్టిన్‌ని పట్టుకుని గట్టిపరుస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడేది అందుకే. కుక్కర్‌లో ఆర్‌ఓ నీళ్ళు పోస్తే ఆ సోడా కూడా అక్కర్లేదు.)

మన పాతకాలపు చాకళ్ళకి ఈ సంగతి చేత్తో తెలుసు. పొలాల్లో తెల్లగా పొంగే చౌడు మట్టి తెచ్చి బట్టలకి పట్టించి, బానలో ఉడకబెట్టేవాళ్ళు. ఆ చౌడులో ఉండేది సోడియం కార్బొనేట్, మనం చాకలి సోడా అంటున్నది. అది కాల్షియాన్ని సున్నంగా విరగ్గొట్టి అడుక్కి దించుతుంది, దాంతో సబ్బుకి పని చేసే వీలు దొరుకుతుంది. చిక్కేమిటంటే ఆ విరిగిన సున్నం కొంత బట్ట నేతలోకీ దూరుతుంది. ఏళ్ళ తరబడి అలా ఉతికిన పంచె బూడిద రంగుకి తిరిగి గరుగ్గా తయారవుతుంది. చేతులు మండటం సరేసరి.

డిటర్జెంట్ కథ మొదలైంది వేరే చోట. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి కొవ్వు దొరకలేదు. ఉన్న కొవ్వు తినడానికే చాలక, సబ్బు మాట దేవుడెరుగు అనే పరిస్థితి. 1917లో అక్కడి బీఏఎస్‌ఎఫ్ కెమిస్టులు కొవ్వు లేకుండా తారు పదార్థాల నుంచి నెకాల్ అనేది తయారుచేశారు. బట్టని తడపడానికి పనికొచ్చిందిగానీ మురికి వదిలించడంలో అంతంతమాత్రం. కానీ దాని తల సబ్బు తలలాంటిది కాదు, గంధకం ఉన్న సల్ఫొనేట్ తల. కాల్షియం వచ్చినా సబ్బులాగా వెంటనే గడ్డకట్టి చేతులెత్తేయదు. అసలు గుట్టు అక్కడ దొరికింది.

1933లో అమెరికాలో డ్రెఫ్ట్ అనే డిటర్జెంట్ వచ్చింది, సున్నితమైన బట్టలకి సరిపోయింది. మట్టి పట్టిన ప్యాంట్ల దగ్గర మాత్రం చతికిలబడింది. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్‌లో డేవిడ్ బయర్లీ అనే కెమిస్టు, పైవాళ్ళకి పెద్దగా ఆసక్తి లేకపోయినా ఆ పని పట్టుకుని ఏళ్ళ తరబడి వేలాడాడు. అప్పటిదాకా అందరూ నురగనిచ్చే పదార్థం ఎక్కువ, సాయం చేసేది తక్కువ వేసి చూస్తున్నారు. ఆయన పాళ్ళు తిరగేశాడు. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్‌ని ఎక్కువ చేశాడు. మా వాడుకలో దాన్ని ట్రైపాలీ అంటాం. అది కాల్షియాన్ని విరగ్గొట్టదు, చుట్టూ చెయ్యి వేసి కదలకుండా నీళ్ళలోనే పట్టుకుని ఉంటుంది. బట్టకి సున్నం పట్టే గొడవ లేదు. 1946లో వచ్చిన టైడ్ అదే. నన్నడిగితే, సబ్బు తర్వాత బట్టలుతకడంలో వచ్చిన పెద్ద మలుపు ఈ పాళ్ళు తిరగేయడమే.

మన దగ్గర సర్ఫ్ 1959లో దిగింది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి వెనక పొడి కలిపి సైకిల్ మీద అమ్మడం మొదలుపెట్టాడు. నిర్మా అలా పుట్టింది. ఖరీదైన ట్రైపాలీ జోలికి పోకుండా సోడా మీద ఎక్కువ ఆధారపడ్డాడు కాబట్టే ఆ ధరకి ఇవ్వగలిగాడు. నేను చేరిన జీడిమెట్ల యూనిట్‌లోనూ అదే పద్ధతి. యాసిడ్ స్లర్రీ అని డ్రమ్ముల్లో వచ్చేది, ముదురు పాకంలా గోధుమరంగులో. కిరసనాయిలు నుంచి తీసిన పొడవాటి గొలుసుల్ని బెంజీన్‌కి తగిలించి, సల్ఫొనేట్ చేస్తే వచ్చే ద్రవం అది. సోడా కుప్ప మధ్యలో గుంట చేసి అందులో సన్నగా పోస్తూ పారతో తిప్పేవాళ్ళు. బుసబుసమని పొంగి, వేడెక్కి, గంటలో పొడిబారేది. ఆ గదిలో సోడా దుమ్ముకి ముక్కులోంచి రక్తం కారడం మామూలు. నాకూ కారింది. ఇళ్ళలో ఆ పొడితో రోజూ ఉతికే ఆడవాళ్ళ చేతులు ఎందుకలా పగులుతాయో ఆ గదిలో నిలబడినవాడికి చెప్పక్కర్లేదు.

ఈ దారిలో రెండు తప్పులు జరిగాయి. తొలి రోజుల స్లర్రీలో గొలుసు కొమ్మలు కొమ్మలుగా ఉండేది. దాన్ని మురుగులోని బ్యాక్టీరియా కొరకలేకపోయింది, 1950ల్లో యూరప్, అమెరికా నదుల మీద నురగ గుట్టలు లేచాయి. 1960ల్లో నిటారు గొలుసుకి మారాక ఆ చిక్కు చాలావరకు తీరింది. రెండోది ట్రైపాలీ. అందులోని భాస్వరం చెరువుల్లో నాచుకి ఎరువు. అందుకే 1970ల్లో జర్మనీ వాళ్ళు జియోలైట్ తెచ్చారు. పంజరంలాంటి గింజ అది, సోడియాన్ని వదిలి కాల్షియాన్ని లోపల బంధిస్తుంది. ఇదంతా మురుగుని శుద్ధి చేసే ఊళ్ళ సంగతి. శుద్ధి లేని మురుగు నేరుగా చెరువులో కలిస్తే ఏ గొలుసైనా నురగే. బెంగళూరు బెల్లందూరు చెరువు మీద రోడ్డెక్కిన నురగ మీరు చూసే ఉంటారు.

సరే, మీ తెల్ల బట్టలు. ఫాస్ఫేటో జియోలైటో ఉన్న మంచి పొడి వాడండి. మీ నీళ్ళకి ప్యాకెట్ మీద రాసినదానికన్నా కొంచెం ఎక్కువ వేయాలి. మడ్డి రంగు సగం పాత సున్నమే, అది పోతే తెలుపు దానంతటదే వస్తుంది. మిగతాది కంటికి చేసే మాయ. నీలిమందు పసుపు ఛాయని నీలంతో కప్పుతుంది. డిటర్జెంట్‌లో వేసే బ్రైటెనర్ కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని మింగి నీలం కాంతిగా కక్కుతుంది. ఎండలో నాయకుల ఖద్దరు చొక్కా కళ్ళు జిగేల్మనిపిస్తుందంటే సగం గొప్పతనం దానిదే.

ఎంజైములు ఉన్న పొడి గురించి కూడా అడిగారు. వాటిది వేరే తగాదా. 1913లోనే ఒట్టో రోమ్ అనే జర్మన్ జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైముని బట్టలుతకడానికి పేటెంటు చేశాడు, కానీ సోడా క్షారంలో అది నిలవలేదు. 1960ల్లో క్షారానికి తట్టుకునే ఎంజైముని బ్యాక్టీరియా నుంచి తీశాకే పని జరిగింది. వెంటనే ఇంకో గొడవ: ఆ పొడి దుమ్ము పీల్చిన ఫ్యాక్టరీ కార్మికులకి ఉబ్బసం పట్టుకుంది. దాంతో ఎంజైముని మైనం లాంటి పూతలో గింజలు కట్టడం నేర్చుకున్నారు. ఈ రోజు మీ చేతిలో ఉన్న పొడిలో అది ఆ గింజలోపలే ఉంటుంది, నీళ్ళు తగిలాకే బయటికొస్తుంది. (పొడిలో కనిపించే నీలం, ఆకుపచ్చ గింజలన్నీ ఎంజైములని మురిసిపోకండి. చాలాసార్లు అవి రంగేసిన సోడానే.)

ఇక్కడ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ప్రోటీన్‌ని కొరికే ఎంజైముకి రక్తపు మరకకీ పట్టుదారానికీ తేడా తెలియదు, రెండూ ప్రోటీన్లే. పట్టుచీరని ఆ పొడిలో నానబెట్టొద్దు. రెండోది, పసుపు మరక మీద ఏ ఎంజైమూ పనిచేయదు. సబ్బు తగలగానే ఆ మరక ఎర్రబడుతుంది చూడండి, క్షారం తగిలితే పసుపు అలాగే మారుతుంది. పసుపుకి సున్నం కలిపి కుంకుమ చేసేది ఈ గుణం పట్టుకునే. ఉతికి, తడిగా ఉండగానే ఎండలో వేయండి. సూర్యుడు వదిలించినట్టు దాన్ని ఏ కంపెనీ వదిలించలేదు.

ఇక అమ్మగారి కుంకుడుకాయ. ఆవిడ మాటలో మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ కెమిస్ట్రీ ఉంది. కుంకుడులో నురగనిచ్చేవి సాపోనిన్లు. వాటి తల చక్కెర ముక్కలతో చేసింది, దానికి సోడియమూ లేదు, విద్యుదావేశమూ లేదు. కాల్షియం వచ్చి లేపడానికి అక్కడ కుర్చీయే లేదన్నమాట. అందుకే బావి నీళ్ళు ఎంత ఉప్పగా ఉన్నా మన అమ్మమ్మలు తలంటితే నురగ వచ్చేది, సబ్బు రాస్తే వచ్చేది కాదు. పైగా కుంకుడు రసం కొంచెం పులుపు వైపు ఉంటుంది, వెంట్రుకకీ పట్టుకీ అదే కావాలి. పట్టుచీరకీ బంగారు గొలుసుకీ ఇప్పటికీ నేను ఇంట్లో కుంకుడు రసమే వాడతాను.

అలాగని అది అమృతం కాదు. కళ్ళు ఎలా మండుతాయో మీకు చిన్నప్పటి దీపావళి తలంటు గుర్తుంటే చాలు. సాపోనిన్ కణాల పొరల్నే చీలుస్తుంది. నీళ్ళలో కలిస్తే చేపలు చస్తాయి. సహజం కాబట్టి సాత్వికం అనే లెక్క ఇక్కడ కుదరదు. నానబెట్టిన రసం రెండో రోజుకే పులిసి వాసన కొడుతుంది. ఆదివారం తలంటుకి బాగుంటుందిగానీ, రోజూ హెల్మెట్ పెట్టుకుని ఆఫీసుకెళ్ళే మీ అబ్బాయికి కుదరదు.

షాంపూలో కడిగే పని చేసే ఎస్‌ఎల్‌ఈఎస్ అనే పదార్థం కూడా మీ నీళ్ళకి తట్టుకుంటుంది. తల దగ్గర ఆక్సిజన్ గొలుసు ఒకటి తగిలించడంతో కాల్షియం దాన్ని అంత తేలిగ్గా పట్టలేదు. షాంపూ చిక్కదనం గురించి మాత్రం ఒకటి చెప్పాలి, ఎందుకంటే అందులో నేను పరువు పోగొట్టుకున్నాను. షాంపూ చిక్కబడటానికి మేం వేసేది మామూలు ఉప్పు. ఉప్పు పడేకొద్దీ అణువుల గుంపులు పొడుగ్గా పురుగుల్లా సాగి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి, ద్రవం తేనెలా బరువెక్కుతుంది. అయితే దానికో శిఖరం ఉంది. అది దాటితే మళ్ళీ దిగుడే. షాంపూల్లోకి మారిన కొత్తలో ఒక రాత్రి షిఫ్టులో రెండు టన్నుల బ్యాచి నా చేతికొచ్చింది. అనుకున్నంత చిక్కగా లేదని ఉప్పు వేశాను. ఇంకొంచెం పల్చబడింది. కంగారులో ఇంకొంచెం వేశాను. గరిటెతో ఎత్తితే నీళ్ళలా జారిపోయింది. తెల్లారితే ఉద్యోగం ఉండదనుకుంటూ కూర్చుంటే, మిక్సర్ నడిపే పెద్దాయన ఒక మగ్గులో కొంచెం షాంపూ పట్టుకొచ్చి అందులో గ్లాసుడు మంచినీళ్ళు పోశాడు. నా కళ్ళ ముందే అది చిక్కబడింది! "ఉప్పెక్కువైంది సార్, కూరలో అయితే ఏం చేస్తాం?" అన్నాడు. తర్వాతి బ్యాచి ఉప్పు లేకుండా చేసి, రెండూ సగం సగం కలిపి గట్టెక్కాం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, చిక్కగా ఉందని షాంపూ గొప్పదనుకోకండి. ఆ చిక్కదనంలో ఉప్పు వాటా ఉంటుంది.

ఆ రంగంలో నాకు నిజంగా ముచ్చటేసేది కండిషనర్ కలిసి వచ్చే షాంపూ, 1980ల చివర్లో అమెరికాలో బజారుకెక్కింది. కడిగే పదార్థానికి రుణావేశం, జుట్టుని మెత్తబరిచే పాలిమర్‌కి ధనావేశం. ఉప్పూ నిప్పూ. మామూలుగా కలిపితే గడ్డ కడతాయి. కడిగేది బాగా ఎక్కువగా ఉన్నంతసేపు పాలిమర్ అందులో మునిగి కిక్కురుమనదు. మీరు మగ్గుతో నీళ్ళు పోసి పల్చబరిచిన క్షణాన రెండూ కలిసి పొరగా విరిగి, సిలికాన్ చుక్కల్ని వెంటేసుకుని వెంట్రుక మీద వాలతాయి. తగాదాని ఆపలేదు, మీ బాత్‌రూమ్ దాకా వాయిదా వేశారంతే. మీ జుట్టు బిరుసుకి అలాంటిది ఒకటి తీసుకోండి. ఒంటి సబ్బు మాత్రం తలకి ఎప్పుడూ రాయొద్దు. ఆఖరి మగ్గు ఆర్‌ఓ నీళ్ళలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండి పోసుకుంటే వారంలో తేడా తెలుస్తుంది. ఒంటికి కూడా సబ్బు పడకపోతే సిండెట్ బార్ చూడండి. 1957లో అమెరికాలో వచ్చిన డవ్ ఆ కోవదే, చూడటానికి సబ్బులా ఉన్నా కడిగే ముఖ్య పదార్థం వేరు, కాల్షియంతో దాదాపు విరగదు.

పేస్టు సంగతికొస్తే, ఫ్లోరైడ్ ఉన్నది మానేయాలా అన్నారు. మన ప్రాంతం వాళ్ళకి ఆ భయం ఊరికే రాలేదు. ఈ దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించి 1937లో రాసింది మన ప్రకాశం ప్రాంతపు పల్లెల గురించే, అప్పట్లో అది నెల్లూరు జిల్లా. నల్లగొండలో వంకర తిరిగిన కాళ్ళు మనం కళ్ళారా చూశాం. పటిక, సున్నంతో నీళ్ళలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు ఆ జిల్లా పేరే పెట్టారు.

కానీ లెక్క వేసి చూడండి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదు. అంటే గ్రాముకి ఒక మిల్లీగ్రాము. పిల్లాడికి బఠాణీ గింజంత పేస్టు అంటే పావు గ్రాము, మొత్తం మింగేసినా పావు మిల్లీగ్రాము. అదే లీటరుకి 3 మిల్లీగ్రాములున్న నీళ్ళు రోజుకి ఒకటిన్నర లీటరు తాగితే నాలుగున్నర. ఎముకల్ని వంచింది ఆ నీళ్ళు. మీ 1.2 కూడా ప్రమాణంలో మంచిదన్న 1.0 దాటింది, 1.5 గీతకి లోపలుంది. తాగడానికీ వంటకీ ఆర్‌ఓ పెట్టుకోండి, పేస్టు మానక్కర్లేదు. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపుగింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, ఉమ్మించడం నేర్పించండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని ఎవరైనా అంటే వినకండి. నీళ్ళు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది.

పేస్టులోనూ రెండు కత్తులు ఉన్నాయి. పళ్ళని రుద్దడానికి వేసే చౌకైన పొడి సుద్ద, అంటే కాల్షియం. ఫ్లోరైడ్‌కి కాల్షియం కనిపిస్తే వదలదు, పట్టుకుని కరగని రాయిగా మారిపోతుంది. ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుందిగానీ పంటికి అందేది సున్నా. తొలి ఫ్లోరైడ్ పేస్టులు చాలా ఇలాగే బోల్తాపడ్డాయి. 1950ల మధ్యలో అమెరికాలో క్రెస్ట్ పేస్టు వాళ్ళు రుద్దే పొడినే మార్చి గట్టెక్కారు. ఇంకో దారి ఫ్లోరైడ్‌ని భాస్వరానికి గట్టిగా కట్టేయడం. సుద్ద దాన్ని లాక్కోలేదు, నోట్లోకి వెళ్ళాక లాలాజలంలోని ఎంజైములు ఆ ముడి విప్పుతాయి. మీ ట్యూబు వెనక సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అని ఉంటే లోపల సుద్ద ఉండే అవకాశం ఎక్కువ. సోడియం ఫ్లోరైడ్ అని ఉంటే సాధారణంగా సిలికా. రెండూ పనికొస్తాయి. వేపపుల్ల పాచి తీస్తుంది, కాదనను. కరగడం మొదలైన ఎనామిల్‌ని మళ్ళీ గట్టిపరచడం దాని వల్ల కాదు.

చివరికి ఉప్పు. ఆ వాట్సాప్ సందేశంలో ఒక నిజం ముక్క ఉంది, అదే దాన్ని బతికిస్తోంది. ఉప్పు గడ్డకట్టకుండా పొటాషియం ఫెర్రోసైనైడ్ వేస్తారు, ప్యాకెట్ మీద 536 అని ఉంటుంది. కిలోకి 10 మిల్లీగ్రాములకి మించకూడదు. అందులోని సైనైడ్ ఇనుముని ఎంత గట్టిగా కరుచుకుని ఉంటుందంటే, విడగొట్టాలంటే గాఢమైన ఆమ్లంలో కాచాలి, లేదా 400 డిగ్రీల దాకా కాల్చాలి. మీ మూకుడులో పోపు ఆ దరిదాపులకి కూడా రాదు. రోజుకి 10 గ్రాముల ఉప్పు తిన్నా ఒంట్లోకి వెళ్ళేది 0.1 మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన హద్దు రోజుకి 1.5. పది గ్రాముల ఉప్పు తింటే భయపడాల్సింది మీ బీపీ గురించి.

అదే ఉప్పులో ఉన్న అయోడిన్ గురించి ఎవరూ సందేశాలు పంపరు. హిమాచల్ కాంగ్రా లోయలో గొంతు కింద గడ్డలతో ఊళ్ళకి ఊళ్ళు ఉన్న రోజుల్లో, 1956లో మొదలుపెట్టి అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చి చూసి, గాయిటర్ తగ్గుతుందని నిరూపించిన బృందానికి పెద్ద మన శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వైద్యం చదివిన ఉలిమిరి రామలింగస్వామి. చల్లటి పొడి దేశాల్లో అయొడైడ్ వాడితే సరిపోయింది. మన తేమలో అది గాలికి ఎగిరిపోతుంది, అందుకని ఇక్కడ నిలకడైన అయొడేట్ వాడారు. మీ దుకాణానికి చేరేసరికి 15 పీపీఎంకి తగ్గకూడదని నియమం. రాళ్ళ ఉప్పు కొనాలనుకుంటే అయోడిన్ కలిపినదే అడగండి, దొరుకుతుంది. ఆవకాయ సంగతి వేరు, అక్కడ అమ్మగారి మాటే చెల్లుతుంది.

ఆ ఉప్పులోనే ఇనుము కూడా కలిపితే రక్తహీనతకి మందు అవుతుంది కదా అని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పూనుకున్నారు. ఇనుము, అయోడిన్ తేమలో కలిశాయా, అయోడిన్ గాలిలో కలిసిపోతుంది, ఇనుము తుప్పు రంగుకి తిరుగుతుంది. వాళ్ళు మధ్యలో కూర్చోబెట్టిన పెద్దమనిషి సోడియం హెక్సామెటాఫాస్ఫేట్, ఇనుముని పట్టుకుని కదలనివ్వదు. ఎక్కడో విన్నట్టుందా? ట్రైపాలీకి దాయాది. బట్టలుతికే నీళ్ళని మెత్తబరచడానికి 1930ల నుంచీ కాల్గన్ పేరుతో అమ్మింది దాన్నే. మీ బకెట్‌లో కాల్షియాన్ని పట్టినవాడే ఉప్పు డబ్బాలో ఇనుముని పట్టాడు.

ఇల్లంతటికీ ఒక పరిష్కారం కావాలంటే సాఫ్ట్‌నర్ పెట్టించండి. కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది, మామూలు ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ తయారవుతుంది. ఫ్లోరైడ్‌ని మాత్రం తీయదు, కాబట్టి వంటింట్లో ఆర్‌ఓ ఉండాల్సిందే.

వాషింగ్ మెషీన్‌లో ఇప్పటికే పట్టిన తెల్ల గారకి కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు 100 గ్రాములు తెచ్చి, ఖాళీ డ్రమ్ములో వేసి, వేడి నీళ్ళతో ఒకసారి తిప్పండి. రెండు నెలలకోసారి చాలు. ఆ రోజు మెషీన్‌లోగానీ, బాత్‌రూమ్‌లోగానీ బ్లీచింగ్ వాడొద్దు. నిమ్మ ఉప్పైనా, టాయిలెట్ యాసిడ్ అయినా బ్లీచింగ్‌కి తగిలితే క్లోరిన్ వాయువు లేస్తుంది. ఎంత ఇమిడ్చినా ఇమడని జంట అది. ఒకవేళ పొరపాటున కలిసి ఘాటు వచ్చిందంటే కడుగుదామని ఆగకండి, తలుపులు బార్లా తెరిచి ముందు బయటికి వచ్చేయండి.